వెలుతురు వేరు, ఎండ వేరు



ఈ నెల మేము చెప్పబోవు సంగతి కొందరికి విచిత్రముగా తోచవచ్చును. ఒక తొండకు ఇల్లు కట్టిన సంగతి వ్రాయబోతున్నాము. "పాస్టరుగారికి వ్రాయడానికి ఇంకేమీ దొరకలేదా?" అని మీరు నవ్వినా ఫరవాలేదు. మొదట మేము కూడా నవ్వినవాళ్ళమే. అయితే ఆ తొండ మాకు నేర్పిన పాఠము మా ఇంటి వెనుక కోళ్ళ గూటి దాకా, మా ప్రసంగ వేదిక దాకా వచ్చింది. అందుకే మీతో పంచుకోవాలని ఆశపడుచున్నాము.

2023 మే నెలలో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరములో ఉంటున్న మా చెల్లెలు, బావగారు మా ఇద్దరికీ టికెట్లు పంపారు. సంఘపెద్దలు దయతో ఆరు వారాలు సెలవిచ్చారు. ఇక్కడ రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతుంటే, అక్కడ మేము స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని కూర్చున్నాము. ఆ దేశములో కాలాలు మనకు తలక్రిందులు. జూన్ నెల వాళ్ళకు చలికాలము. సాయంత్రం ఐదు దాటితే చీకటి పడిపోతుంది.

ఇంట్లో అడుగుపెట్టగానే పదకొండేళ్ళ మా మేనల్లుడు మా ఇల్లాలి చెయ్యి పట్టుకుని లాగాడు. "అత్తయ్యా, మామయ్యా, నా సమ్సోనును చూస్తారా?" అన్నాడు. కుక్కపిల్ల అనుకున్నాము. వాడి గదిలో ఒక గాజు తొట్టి, అందులో ఇసుక, ఎర్రని బల్బు వెలుగు, ఆ వెలుగులో నేలకు అతుక్కుపోయి పడుకున్న ఒక పెద్ద తొండ! మా ఇల్లాలు ఒక్క అరుపు అరిచి మంచమెక్కింది.

దీనిని వాళ్ళు బియర్డెడ్ డ్రాగన్ అంటారు. గడ్డపు తొండ అనుకోండి. తోకతో కలిపితే మూర పైచిలుకు పొడవుంటుంది. గొంతు క్రింద ముళ్ళవంటి పొలుసులుంటాయి. భయపడినా కోపించినా ఆ గొంతు ఉబ్బించి నల్లగా చేస్తుంది, అచ్చం గడ్డము పెంచుకున్నట్లే. అందుకే సండేస్కూలులో కథ విన్న మా వాడు దానికి సమ్సోను అని పేరు పెట్టాడు. ఆస్ట్రేలియా లోపలి భాగములోని ఎండిన మైదానాలు దీని పుట్టిల్లు. అక్కడ కంచె గుంజల మీద, మోడుల మీద ఎక్కి ఎండ కాచుకుంటుంది. మన ఊళ్ళలో గోడల మీద తల ఊపే తొండ, ఇదీ ఒకే కుటుంబమని శాస్త్రజ్ఞులు చెబుతారు. అది ఆస్ట్రేలియా స్వంత జంతువు గనుక మెల్బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రములో దానిని పెంచాలంటే లైసెన్సు ఉండాలి. మా బావగారు లైసెన్సు తీసుకునే తెచ్చారు.

బలము పోయిన సమ్సోను

రెండు మూడు రోజులు గడిచేసరికి మా ఇల్లాలికి భయము పోయింది. ఆమె మేకల మధ్య పెరిగిన మనిషి. నాలుగవ రోజు ఉదయం తొట్టి ముందు చాలాసేపు నిలబడి చూచి, "ఏమండీ, ఇది బద్ధకము కాదు, జబ్బు. నడిచేటప్పుడు పొట్ట నేలమీద ఈడుస్తోంది చూడండి. వెనుక కాళ్ళు వణుకుతున్నాయి. మా ఇంట్లో మేకపిల్ల జబ్బు పడినప్పుడు ఇలాగే ఉండేది" అన్నది. నిజమే, ముందు వేసిన కీచురాయి దాని ముక్కు ముందు నుండి నడిచిపోతున్నా పట్టుకోలేకపోతోంది. పైగా వెనుక కాలు ఒకటి వంకర తిరిగి ఉంది.

చెల్లెలికి చెప్పాము. తను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తుంది, బావగారు పగలు పని. "మాకు తీరికెక్కడ అన్నయ్యా? ఎవరైనా తీసుకుంటామంటే ఇచ్చేద్దామనుకుంటున్నాము. వాడికి చెప్పే ధైర్యము లేక ఊరుకున్నాను" అన్నది. తలుపు చాటున వాడు నిలబడి ఉన్నాడని మాకు తెలియదు.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో, ఎవరి అవసరాలు వారు చెప్పుకుంటుండగా, వాడు తల వంచుకునే, "మామయ్యా, సమ్సోను కోసం ప్రార్థన చేస్తారా?" అని అడిగాడు.

ప్రియులారా, సేవలో ఇరవై ఏళ్ళు గడిచాయి. రోగుల కోసము, పరీక్షలు వ్రాసే పిల్లల కోసము, వానల కోసము, పాడి గేదెల కోసము కూడా ప్రార్థించాము. తొండ కోసము ఎన్నడూ ప్రార్థించలేదు. నోట మాట రాలేదు. అందుకు కారణము వేరే ఉన్నది. చిన్నతనములో మా ఊరి పిల్లలమంతా బడి ఎగ్గొట్టి చేసిన పని తొండలను రాళ్ళతో కొట్టడము. తొండ మన వైపు చూస్తే రక్తము పీలుస్తుందని పెద్దలు భయపెట్టేవారు. దాని గొంతు ఎర్రబడడము చూచి అది నిజమేననుకునేవాళ్ళము. గడ్డిపోచకు ఉచ్చు వేసి పట్టి, దానిని ఏమేమి హింస పెట్టామో ఇక్కడ వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది. మగ తొండకు జత కట్టే కాలములో గొంతు ఎర్రబడుతుందని, అది ఎవరి రక్తమూ పీల్చదని చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు. ఆ రాత్రి ఆ పిల్లవాని ముఖము చూస్తుంటే, మేము రాళ్ళు రువ్విన గోడలన్నీ కళ్ళ ముందు నిలిచాయి.

ప్రార్థన చేశాము. ప్రార్థన ముగిసిన తరువాత, "రేపు దీన్ని డాక్టరు దగ్గరకు తీసుకువెళదాము" అని కూడా చెప్పాము.

సరీసృపాలకు వైద్యము చేసే పశువైద్యురాలు ఆ ఊళ్ళో ఉన్నారు. ఆమె సమ్సోనును అరచేతిలో పడుకోబెట్టుకుని, దవడ ఎముకను వేలితో మెల్లగా నొక్కి చూశారు. గట్టిగా ఉండవలసిన ఎముక రబ్బరులా మెత్తగా ఉంది. ఎక్స్‌రేలో ఎముకలు పల్చగా కనిపించాయి. మన పిల్లలకు దొడ్డికాళ్ళు వచ్చే రికెట్స్ వంటి జబ్బేనట. ఎముకలకు కాల్షియము చాలక వచ్చినది.

"నేను రోజూ కాల్షియం పొడి వేశాను!" అన్నాడు మావాడు.

ఆమె చాలా ఓర్పుగా వివరించారు. కాల్షియము తింటే చాలదు, దానిని శరీరము పట్టుకోవాలి. అందుకు డి విటమిన్ కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలలో ఒక రకము చర్మము మీద పడితేనే ఈ జీవి శరీరములో డి విటమిన్ చాలినంత తయారవుతుంది.

"తొట్టిని కిటికీ దగ్గరే పెట్టాను కదా, దానిమీద ఎండ పడుతుంది కదా?" అన్నాడు వాడు ఏడుపు గొంతుతో.

అప్పుడు ఆమె చెప్పిన మాట మేము మరువలేము. కిటికీ అద్దము వెలుతురును రానిస్తుంది, వెచ్చదనాన్ని కూడా రానిస్తుంది. కాని ఆ కిరణాలను ఆపేస్తుంది. వెలుతురు వేరు, ఎండ వేరు. సమ్సోను ఏడాదిగా వెలుతురులోనే ఉన్నాడు, ఎండ మాత్రము ఎరుగడు.

"అయితే నేనే వాడిని చంపుతున్నానా?" అని పిల్లవాడు బావురుమన్నాడు. డాక్టరమ్మ వాడి భుజము తట్టి, "నీవు వాడిని ప్రేమించావు. వాడికేమి కావాలో నీకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది గనుక చేద్దాము" అన్నారు. కాల్షియము మందు నోటిలో వేయమని ఇచ్చి, "మందు ఒక్కటే బాగుచేయదు. ఇల్లు మారాలి" అని గట్టిగా చెప్పారు.

ఇల్లు మార్చిన విధము

వాడి తొట్టి రెండడుగుల పొడవున్న చేపల తొట్టి. అమ్మినవారు ఇచ్చినవన్నీ కొన్నారు, చెప్పినవన్నీ చేశారు. అడిగి తెలుసుకోవలసిన ప్రశ్నలేమిటో కొన్నవారికి తెలియదు. ఇటువంటి పొరపాటు మనమెవరమైనా చేయగలము.

మాకు తెలిసిన పని కొంత ఉన్నది. పల్లెలో పాస్టరు అన్నవాడు కప్పు నేయాలి, బల్లలు బిగించాలి, గోడకు సున్నము వేయాలి. రెండు శనివారాలు బావగారు, మేము, పిల్లవాడు కలిసి ప్లైవుడ్డుతో క్రొత్త పెట్టె చేశాము. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. పెద్ద గడ్డపు తొండకు ఇంతకన్న తక్కువ పనికిరాదన్నారు. ముందు వైపు జరిపే అద్దాలు. గాలి ఆడడానికి ఒక ప్రక్క క్రిందుగా, రెండవ ప్రక్క పైగా కన్నాలు చేసి జల్లెడ బిగించాము. లోపల పూసిన రంగు వాసన పూర్తిగా పోయేదాకా కొన్నాళ్ళు ఆరబెట్టాము. ఆ వాసన దానికి హాని.

తరువాత వేడి సంగతి. తొండ శరీరము మనవలె తనంతట తాను వెచ్చగా ఉండదు. వేడి కావలసినప్పుడు ఎండలోకి, చాలనుకుంటే నీడలోకి నడిచి తన వేడిని తానే సరిచూసుకుంటుంది. చిన్న తొట్టిలో అంతా ఒకటే వేడి. ఎటు పోవాలి పాపము! అందుకే పెట్టెలో ఒక చివర తెల్లని వేడి బల్బు పెట్టి, దాని క్రింద చదునైన రాయి, ఒక కొమ్మ పెట్టాము. ఆ రాతి మీద 40 డిగ్రీల వేడి ఉండేటట్లు, రెండవ చివర 25 డిగ్రీలకు అటూ ఇటూ ఉండేటట్లు చూచుకోవాలి. రెండు చివరలా రెండు థర్మామీటర్లు పెట్టాము. "చెయ్యి పెట్టి చూస్తే చాలదా?" అన్నారు బావగారు. చాలదు. చేతి అంచనా మీదనే సమ్సోను ఈ స్థితికి వచ్చాడు. బల్బు తగిలి ఒళ్ళు కాలకుండా చుట్టూ తీగ బుట్ట బిగించాము.

పాత తొట్టిలో కరెంటుతో వేడెక్కే రాయి ఒకటి ఉండేది. దానిని తీసి పారవేశాము. ఈ జీవి ఎండను పైనుండి ఎరుగును గాని క్రింద పొట్ట కాలుతున్నా త్వరగా తెలుసుకోలేదట. ఎర్ర బల్బు కూడా తీసేశాము. అది రాత్రింబగళ్ళు వెలుగుతుండేది. దానికీ చీకటి కావాలి, నిద్ర కావాలి. రాత్రి కొంత చల్లబడినా ఇబ్బంది లేదు. మరీ చలి ఎక్కువైతే వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే పింగాణీ హీటరు దొరుకుతుంది, అది పెట్టాము.

ఇక ముఖ్యమైనది, ఎండ కిరణాలిచ్చే ప్రత్యేకమైన ట్యూబులైటు. దానిని పెట్టె లోపల పైకప్పుకు, వేడి చివర నుండి సగము దాటేవరకు బిగించాము. మిగిలిన భాగము నీడ. ట్యూబుకు, తొండకు మధ్య గాజు గాని ప్లాస్టిక్ గాని అడ్డముండరాదు. ఎంత దూరములో ఉండాలో డబ్బా మీద వ్రాసి ఉంటుంది, దాని ప్రకారమే పెట్టాలి. రోజుకు పన్నెండు గంటలు వెలగాలి.

ఇక్కడ డాక్టరమ్మ మరొక మాట చెప్పారు. ఈ ట్యూబు ఆరు నెలల నుండి ఏడాదిలోపు మార్చివేయాలి. "మాడిపోతేనే కదా మార్చేది?" అని అడిగాము. "మాడిపోదు. వెలుగుతూనే ఉంటుంది. కాని ఇవ్వవలసిన కిరణాలు ఇవ్వడము ఎప్పుడో మానేసి ఉంటుంది. కంటికి తెలియదు" అన్నారు. పాఠకులారా, ఆ మాట మమ్ములను పట్టుకున్నది. ఆదివారము తరువాత ఆదివారము వేదిక మీద వెలుగుతూనే ఉన్నాము. క్రింద కూర్చున్నవారి ఎముకలకు బలమేమైనా చేరుతున్నదా? ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

నేల మీద ఇసుక తీసివేసి వార్తాపత్రిక పరచి, తరువాత టైల్సు వేశాము. పిల్ల తొండలు, నీరసముగా ఉన్నవి తిండితో పాటు ఇసుక మింగితే కడుపులో అడ్డుపడే ప్రమాదమున్నది. టైల్సు కడగడము తేలిక. దాగుకోవడానికి ఒక మూల చిన్న గూడు పెట్టాము. ఏ ప్రాణికైనా ఎవరూ చూడని చోటు ఒకటి ఉండాలి కదా.

తిండి విషయము మా ఇల్లాలు చేతికి తీసుకున్నది. పెద్ద తొండకు ఆకుకూరలే ఎక్కువ పెట్టాలి, పురుగులు తక్కువ. ఆకులు సన్నగా తరిగి గుమ్మడికాయ తురుము కలిపేది. పాలకూర మాత్రము తరచుగా పెట్టరాదు, అది కాల్షియమును ఒంటికి పట్టనివ్వదు. అవకాడో పండు విషముతో సమానము. కీచురాళ్ళు దాని రెండు కళ్ళ మధ్య దూరముకన్న పెద్దవి కారాదు. తినగా మిగిలినవి రాత్రి లోపలే వదిలితే అవే తొండను కొరుకుతాయి. ఒకసారి మూత సరిగా పెట్టక ఇరవై కీచురాళ్ళు వంటగదిలోకి పోయాయి. రాత్రంతా సంగీతమే!

ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పైకి ఆరోగ్యముగా కనబడే తొండ మీద కూడా మనుష్యులకు విరేచనాలు, జ్వరము తెచ్చే సాల్మొనెల్లా క్రిములు ఉండవచ్చును. దాని గిన్నెలు వంటింటి తొట్టిలో కడగరాదు.

పది రోజులకు సమ్సోను తానే కీచురాయిని పట్టుకున్నాడు. మేము బయలుదేరే వారములో ఒక ఉదయము మావాడి కేక విని పరుగెత్తాము. సమ్సోను పొట్ట నేల నుండి పైకెత్తి, నాలుగు కాళ్ళ మీద నిలబడి, మెల్లగా కొమ్మ ఎక్కి కూర్చున్నాడు. వంకర పోయిన వెనుక కాలు మాత్రము వంకరగానే ఉండిపోయింది. అది ఇక సరికాదని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఆలస్యము చేసిన ప్రేమ కొంత నష్టమును మోయక తప్పదు.

మరొక మార్పు కూడా చూచాము. ఉదయము అరగంట తండ్రీ కొడుకులు కలిసి లైటు వేసి, డిగ్రీలు చూచి పుస్తకములో వ్రాసి, ఆకులు తరిగేవారు. డ్యూటీ నుండి వచ్చిన చెల్లెలు టీ గ్లాసుతో వాళ్ళ ప్రక్కన కూర్చునేది. "అన్నయ్యా, వీడు నాతో ఇంతసేపు మాట్లాడి ఎన్నాళ్ళయిందో" అన్నది ఒకనాడు. గది, కంప్యూటరు, బొమ్మలు, అన్నీ వాడికి ఇచ్చారు. అవన్నీ వెలుతురే. తల్లిదండ్రులతో కూర్చునే ఆ అరగంట వాడికి ఎండ. మేము ఏమీ అనలేదు. వాళ్ళకే అర్థమైనది.

మన ఇంటి గూళ్ళు

ఇంటికి తిరిగి వచ్చిన మరునాడు మా ఇల్లాలు పెరట్లో నిలబడి పిలిచింది. "తొండకు అంత చేసి వచ్చాము. మన కోళ్ళ గూడు చూడండి ఒకసారి."

చూచాము. రేకు కప్పు, మూడు ప్రక్కల గోడ, చిన్న తలుపు. లోపల తడి, చీకటి, ఊపిరాడని వాసన. క్రిందటి వానాకాలములో చాలా కోళ్ళు పోతే కొక్కెర తెగులని సరిపెట్టుకున్నాము. టీకా వేయించని తప్పు ఒకటైతే, ఆ గూటిలో పెట్టిన తప్పు రెండవది. ఆ వారమే గూటిని నేల నుండి రెండడుగులు లేపి, ఉదయపు ఎండ పడేలా తూర్పు ముఖము పెట్టాము. పైభాగములో రెండు వైపులా ఇనుప జల్లెడ కొట్టాము. అటు గాలి ఆడుతుంది, ఇటు ముంగిస, పిల్లి దూరవు. క్రింద పొడి ఊక పరచి తడిసినప్పుడల్లా మారుస్తున్నాము. పశువుల ఆసుపత్రిలో టీకాలు వేయించాము. ఖర్చు పెద్దగా కాలేదు, రెండు రోజుల ఒళ్ళు నొప్పి అంతే.

ఇది చదివి పిల్లలెవరైనా గోడ మీది తొండను పట్టి పెట్టెలో పెడతారేమో, అట్లు చేయవద్దు. అడవి ప్రాణికి మించిన ఇల్లు మనము కట్టలేము. రామచిలుకను పంజరములో పెట్టడము, నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచడము మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము కూడా. పెంచదగిన ప్రాణిని పెంచేవారు మాత్రము, తెచ్చుకొనక ముందే దాని పుట్టిల్లు ఎట్టిదో అడిగి తెలుసుకొనండి. అక్కడ దానికి దొరికే ఎండ, నీడ, గాలి, చీకటి మన ఇంట ఇవ్వగలమా? ఇవ్వలేమనుకుంటే తేకపోవడమే ప్రేమ.

మొన్న సండేస్కూలు ముగిసిన తరువాత ముగ్గురు పిల్లలు రాళ్ళు ఏరుకుంటూ కనిపించారు. చర్చి ప్రహరీ గోడ మీద ఒక తొండ ఎర్రని గొంతుతో తల ఊపుతున్నది. వాళ్ళను కోప్పడలేదు. ప్రక్కన కూర్చుండబెట్టుకుని సమ్సోను కథ చెప్పాము, మా చిన్ననాటి రాళ్ళ కథ కూడా దాచకుండా చెప్పాము. ఒకడు చేతిలోని రాయి క్రింద పడవేసి, "అయితే అయ్యగారూ, అది ఇప్పుడు ఎండ తాగుతోందా?" అని అడిగాడు.

అవును నాయనా, ఎండ తాగుతోంది అన్నాము. నలుగురము అది దిగి వెళ్ళేదాకా చూస్తూ కూర్చున్నాము.